నాన్నగారికి హెర్మిటేజ్ చూపించాలా వద్దా? నాష్‌విల్ వైపు వాళ్లు చెప్పండి

తెనాలి శైలజ

అందరికీ నమస్తే. మేం మర్ఫ్రీస్‌బరోలో ఉంటాం. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. గుడి, పార్థినాన్, కాస్ట్‌కో అన్నీ అయ్యాయి. గట్లిన్‌బర్గ్ కూడా తిప్పుకొచ్చాం. ఇప్పుడు ఆయనకు ఇంట్లో పొద్దుపోవడం లేదు. యూట్యూబ్‌లో మన రాజకీయాలు చూసి బీపీ పెంచుకుంటున్నారు.

మొన్న బెల్వ్యూలో గణేశుడి గుడికి వెళ్తుంటే బోర్డు చూసి "ఈ ఓల్డ్ హికరీ ఎవరమ్మా, రోడ్డుకి పేరు పెట్టారు?" అని అడిగారు. అది ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌కి సైనికులు పెట్టిన పేరని, ఇరవై డాలర్ల నోటు మీద ఉన్నది ఆయనేనని, ఆయన ఇల్లు ఇక్కడే హెర్మిటేజ్‌లో మ్యూజియంగా ఉందని మా ఆయన చెప్పారు. అప్పటి నుంచి నాన్నగారిది ఒకటే పాట, ఆ ఇల్లు చూడాలి అని.

నా డౌట్లు ఇవి. అసలు చూడదగ్గదేనా, లేక పాత మంచాలూ కుర్చీలూ తాడు కట్టి చూపించే బాపతా? అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. మావాడికి పదేళ్లు. స్కూల్లో ట్రెయిల్ ఆఫ్ టియర్స్ గురించి, అంటే జాక్సన్ తెచ్చిన చట్టంతో చెరోకీ తెగవాళ్లను సొంత నేల నుంచి తరిమేసిన సంగతి చెప్పారట, "బ్యాడ్ గై ఇంటికి నేను రాను" అని కూర్చున్నాడు. మా ఆయనేమో "బానిసలతో కట్టించుకున్న మేడకి మనం టికెట్ కొనుక్కుని వెళ్లాలా" అంటున్నారు. ఇంట్లో మూడు పార్టీలయ్యాయి. వెళ్లొచ్చినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.

కంబర్లాండ్ ఒడ్డు

శైలజ గారూ, తప్పకుండా తీసుకెళ్లండి. మేం అటువైపే, మౌంట్ జూలియట్‌లో ఉంటాం. ఇండియా నుంచి మావాళ్లు ఎవరొచ్చినా హెర్మిటేజ్ చూపించే డ్యూటీ నాదే. కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మామూలుగా జనం ఏం చేస్తారంటే, టికెట్ తీసుకుని, మ్యూజియం గదిలో అద్దాల వెనకున్న కత్తులూ కోట్లూ పైపైన చూసి, తిన్నగా మేడ దగ్గరికి పోయి స్తంభాల ముందు ఫొటో దిగుతారు. లోపల ఒక రౌండ్ కొట్టి, షాపులో ఒక మ్యాగ్నెట్ కొనుక్కుని వచ్చేస్తారు. అలా చూస్తే మీరన్నట్టు పాత మంచాలే. మీరు వరస మార్చండి. ఆ రోజు మేడ లోపలికి ఎప్పుడు పంపుతున్నారో కౌంటర్‌లో అడిగేసి, ముందు వెనకాల ఉన్న దుంగల ఇళ్ల దగ్గరికి వెళ్లండి. తర్వాత మేడ. చివర్లో అక్కడ బానిసగా బతికిన ఆల్ఫ్రెడ్ ఇల్లు, తోటలో సమాధులు.

ఎందుకో చెప్తాను. 1804లో జాక్సన్ అప్పుల్లో మునిగి ఉన్నాడు. హంటర్స్ హిల్ అని మంచి ఇల్లూ పొలమూ ఉంటే అమ్మేసుకుని, దగ్గర్లోనే 425 ఎకరాలు కొని, అక్కడున్న దుంగల ఇంట్లోకి మారాడు. అప్పటికి నాష్‌విల్ పుట్టి పాతికేళ్లు. 1779-80 చలికాలంలో నది ఒడ్డున దుంగలతో కోట కట్టుకుని మొదలుపెట్టిన ఊరు ఇది. మనం ఎయిర్‌పోర్ట్‌కి పోతూ చూసే డొనెల్సన్ ఉంది కదా, ఆ పేరు జాన్ డొనెల్సన్‌ది. ఆ చలికాలంలో పడవల మీద కుటుంబాలను ఇక్కడికి చేర్చిన మనిషి. ఆయన కూతురు రేచల్, అప్పటికి పన్నెండేళ్ల పిల్ల, అదే పడవల గుంపులో వచ్చింది. తర్వాత జాక్సన్ భార్య ఆమే. మీ నాన్నగారికి ఈ సంగతి ముందే చెప్పండి, ఆయన ప్రశ్నలు సగం తగ్గుతాయి.

1821 దాకా, అంటే దాదాపు పదిహేడేళ్లు, ఆ దంపతులు ఉన్నది దుంగల ఇంట్లోనే. 1815 జనవరిలో న్యూ ఆర్లియన్స్‌లో ఇంగ్లిష్ సైన్యాన్ని ఓడించి దేశమంతా పేరు మోగిపోయాక కూడా తిరిగొచ్చింది ఆ ఇంటికే. అంతకు ముందు 1805లో, మాజీ ఉపాధ్యక్షుడు ఆరన్ బర్ అతిథిగా దిగింది కూడా అక్కడే. ఇక ఇటుకల మేడ లేచాక దుంగల ఇంటిని ఏం చేశారో చూడండి. అది రెండంతస్తుల ఇల్లు. కింది అంతస్తు తీసేసి, పై అంతస్తును నేలకు దించి, దాన్ని బానిసల ఇల్లుగా మార్చేశారు. ఇప్పుడు మనకు కనిపించేది అలా మిగిలిన పై సగమే. పక్కనున్న వంటిల్లు కూడా అంతే, బానిసల కాపురాలకే పోయింది. మీవాణ్ణి ఆ ఇంటి మూల దగ్గర నిలబెట్టి, దుంగల కొసలు ఒకదాన్నొకటి కరిపించుకుని ఎలా కూర్చున్నాయో చూపించండి. ఒకే దుంగల కింద ముందు జనరల్ గారు, తర్వాత ఆయన కొనుక్కున్న మనుషులు. ఆ ఒక్క ఇల్లు అర్థమైతే మిగతా పొలమంతా అర్థమైనట్టే.

ఇక మేడ. 1819లో మొదలుపెట్టి 1821కి పూర్తి చేసింది సాదా ఇటుకల ఇల్లు. 1834 అక్టోబర్‌లో, ఆయన అధ్యక్షుడిగా వాషింగ్టన్‌లో ఉండగా అది కాలిపోయింది. మళ్లీ కట్టినప్పుడు గ్రీకు గుడిలాగా ఎత్తు స్తంభాలు పెట్టించారు. ఇక్కడొక తమాషా ఉంది. ముందు నుంచి చూస్తే తెల్లటి రాతి భవనం అనిపిస్తుంది. నాలుగడుగులు పక్కకి వేసి గోడ చూడండి, మామూలు ఎర్ర ఇటుకే. స్తంభాలు చెక్కవి, రంగులో ఇసుక కలిపి కొట్టి రాయిలా కనిపించేట్టు చేశారు. మొహానికి ఒక రంగు, పక్కలకి ఇంకో రంగు. రాజకీయ నాయకుడి ఇల్లు కదా!

లోపల నడవాలో గోడకు అంటించిన బొమ్మల కాగితం మాత్రం అసలు మిస్ కావద్దు. పారిస్‌లో ద్యుఫూర్ కంపెనీ అచ్చేసింది. గ్రీకు పురాణ వీరుడు ఒడిస్సియస్ కొడుకు టెలిమేకస్, తండ్రిని వెతుక్కుంటూ కలిప్సో దీవికి చేరిన కథ గోడల పొడుగునా నడుస్తుంది. ఎక్కడి పారిస్, ఎక్కడి టెనెసీ అడవి. సముద్రం దాటి వచ్చిన సామాను న్యూ ఆర్లియన్స్ నుంచి మిసిసిపీ మీదుగా స్టీమ్‌బోట్లలో నాష్‌విల్ రేవుకు రావాలి. 1836లో ఈ ఇంటి కోసం వస్తున్న సామానుతో ఒక బోటు రేవు దాకా వచ్చి అక్కడే తగలబడిపోతే మళ్లీ తెప్పించుకున్నారు. మెట్లు కూడా చూడండి, కోడిగుడ్డు ఆకారంలో ఒంపు తిరిగి పైకి పోతాయి. మీ అమ్మగారు పైకి ఎక్కాల్సిన పని లేదు, ఆయన పడకగది, 1845 జూన్‌లో పోయిన గది, కిందే ఉంటుంది.

సామాను చాలా వరకు అసలుదే. ఇలాంటి చోట్ల సాధారణంగా అదే కాలం నాటి ఎవరివో కుర్చీలు తెచ్చి పెడతారు. ఇక్కడ అలా కాకుండా ఉండటానికి కారణం ఆడవాళ్లు. జాక్సన్ పెంపుడు కొడుకు అప్పులు చేసి చేసి, 1856లో మేడతో పాటు 500 ఎకరాలు రాష్ట్ర ప్రభుత్వానికి 48,000 డాలర్లకు అమ్మేశాడు. అంతర్యుద్ధం తర్వాత చూసే నాథుడు లేక పాడుబడిపోతుంటే, 1889లో కొందరు మహిళలు సంఘంగా ఏర్పడి మేడనూ సమాధినీ తమ చేతిలోకి తీసుకున్నారు. మనవడు ఇల్లు ఖాళీ చేస్తూ సామాను పట్టుకుపోతే, దాన్ని ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా కొని వెనక్కి తెచ్చారు.

మాది జగిత్యాల వైపు. మా ఊళ్లో దొర గడీ ఉండేది. మా తాత దాని ముందు నుంచి చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన మనిషి. మా బాపు ఇక్కడికి వచ్చినప్పుడు హెర్మిటేజ్ చూపిస్తే, పారిస్ కాగితం వైపు కన్నెత్తి చూడలేదు. "గీ ఇంట్ల నీళ్లు ఎవలు మోసేటోళ్లు?" అని అడగమన్నాడు. నేను ఆ ప్రశ్న ఇంగ్లిష్‌లో అడిగితే, పాతకాలం గౌను వేసుకున్న గైడమ్మ మొహం వెలిగిపోయింది. మమ్మల్ని వెనక్కి తీసుకెళ్లి వంటిల్లు చూపించింది. నిప్పు భయానికి వంటిల్లు మేడకు అంటకుండా విడిగా కడతారు. అక్కడ వండిందంతా చేతుల మీద భోజనాల గదికి మోసుకురావాలి. వంటమనిషి పేరు బెట్టీ. కొన్న మనిషి. ఆమె కొడుకే ఆల్ఫ్రెడ్.

ఈ ఆల్ఫ్రెడ్ కోసమే మిమ్మల్ని వెళ్లమంటున్నాను. 1812 ప్రాంతంలో అక్కడే బానిసగా పుట్టాడు. గుర్రాలు, బండ్ల పని చూసేవాడు. 1840ల్లో ఆ ఇంటి పిల్లలకు పాఠాలు చెప్పడానికి ఉత్తరాది నుంచి బ్రింకర్‌హాఫ్ అనే కుర్రాడు వస్తే, వాళ్లిద్దరికీ మాటలు కలిశాయి. స్వేచ్ఛ వస్తే బాధ్యతల బరువు కూడా వస్తుంది కదా, యజమాని మంచివాడే కదా, అన్నట్టుగా ఆ పంతులు ఏదో ఓదార్చబోతే ఆల్ఫ్రెడ్ తిరిగి ఒకే ప్రశ్న వేశాడు: "నువ్వైతే బానిసగా ఉంటావా?" ఆ పంతులే తర్వాత తన జ్ఞాపకాల్లో ఇది రాసుకున్నాడు. తన దగ్గర జవాబు లేదనీ రాశాడు.

అంతర్యుద్ధంతో బానిసత్వం పోయాక కూడా ఆల్ఫ్రెడ్ అక్కడే ఉండిపోయి కౌలు చేసుకున్నాడు. తర్వాత తర్వాత, ఇంటిని చూడటానికి వచ్చేవాళ్లకు గది గదీ తిప్పి చూపించేవాడు. అంటే ఆ మ్యూజియానికి మొదటి గైడ్ అదే ఇంట్లో బానిసగా పనిచేసినవాడు. జాక్సన్ సామాను వేలం వేసినప్పుడు కొన్ని తనే కొనుక్కుని దాచి, జాక్సన్ సమాధి దగ్గర తనకు చోటిస్తే అవి ఇస్తానని సంఘంతో మాట తీసుకున్నాడు. 1901లో పోతే, శవపేటికను ఆ మేడ నడవాలోనే ఉంచి కర్మ జరిపారు. తోటలో గుమ్మటం కింద జాక్సన్, రేచల్. పక్కనే కొద్ది అడుగుల దూరంలో ఆల్ఫ్రెడ్ రాయి. రాయి మీద "జాక్సన్ నమ్మిన బంటు" అన్న అర్థంలో రాశారు. రాసింది సంఘం, ఆయన కాదు.

మీవాడికి నేనైతే "బ్యాడ్ గై ఇంటికి కాదురా, ఆల్ఫ్రెడ్ ఇంటికి పోదాం" అని చెప్తాను. ఆయన దుంగల ఇల్లు మేడ వెనక ఇంకా ఉంది.

చెరువు గట్టు

పైన అన్న బాగా రాశాడు గానీ గడీతో పోలిక నాకు మింగుడుపడటం లేదు. వెట్టి ఘోరమే, కాదనను. కానీ దొర మనిషిని పట్టుకెళ్లి సంతలో అమ్మలేదు, తల్లిని ఒక రాష్ట్రానికీ బిడ్డను ఇంకో రాష్ట్రానికీ పంపలేదు. హెర్మిటేజ్ కొన్నప్పుడు జాక్సన్ చేతిలో బానిసలు తొమ్మిది మంది. చనిపోయేనాటికి సుమారు 150. ఆ పత్తి డబ్బే ఆ స్తంభాలు. 1804లో పారిపోయిన ఒక మనిషి కోసం ఈయన పేపర్లో ప్రకటన ఇచ్చాడు. పట్టిచ్చినవాళ్లకు 50 డాలర్లు, అది కాక కొట్టిన ప్రతి వంద కొరడా దెబ్బలకూ 10 డాలర్లు అదనం, మూడొందల దెబ్బల దాకా. ఇది ఎవరో గిట్టనివాళ్లు అన్న మాట కాదు, ఆయన డబ్బు కట్టి అచ్చేయించుకున్నది.

ఇక చెరోకీల సంగతి. అక్కడి ఆదివాసీ తెగలను మిసిసిపీ అవతలికి పంపేయడానికి 1830లో తెచ్చిన ఇండియన్ రిమూవల్ చట్టం మీద సంతకం ఈయనదే. చెరోకీలు తుపాకులు పట్టుకోలేదు, కోర్టుకెళ్లారు. వాళ్లు సొంత లిపి, సొంత పత్రిక, రాజ్యాంగం ఉన్నవాళ్లు. 1832లో సుప్రీంకోర్టు వాళ్ల నేల మీద జార్జియా చట్టాలు చెల్లవని తీర్పిచ్చింది. అయినా 1838-39లో సైన్యం పెట్టి దాదాపు పదహారు వేల మందిని మిసిసిపీ అవతలికి నడిపించారు. దారిలోనూ, అంతకు ముందు పెట్టిన శిబిరాల్లోనూ సుమారు నాలుగు వేల మంది పోయారని లెక్క. అందులో ఎక్కువ గుంపులు మర్ఫ్రీస్‌బరో, నాష్‌విల్ మీదుగానే నడిచాయి. అంటే శైలజ గారూ, మీ ఊరి మీదుగానే. అప్పటికి జాక్సన్ పదవి దిగిపోయి ఇదే మేడలో ఉన్నాడు.

మీ బాబు "రాను" అన్నాడంటే వాడికి చరిత్ర బాగానే ఎక్కింది. నేనైతే వాణ్ణి బలవంతపెట్టను. డౌన్‌టౌన్‌కి దగ్గర్లో టెనెసీ స్టేట్ మ్యూజియం ఉంది, ఉచితం, అన్ని వైపుల కథా చెప్తుంది. మాస్టారు గారిని అక్కడికి తీసుకెళ్లండి.

కంబర్లాండ్ ఒడ్డు

తమ్ముడూ, గడీ, బానిసత్వం ఒకటే అని నేను అనలేదు. నువ్వు చెప్పిన తేడా నిజం, పెద్ద తేడా. నేను చెప్పింది మా బాపు చూపు గురించి. పెద్ద ఇల్లు కనిపిస్తే నీళ్లెవరు మోశారు అని అడగడం ఆయనకు గడీయే నేర్పింది. ఆ చూపుతో వెళ్తే హెర్మిటేజ్ జవాబులు చెప్తుంది. అంతవరకే.

ఇంకోటి, అక్కడ ఇప్పుడు ఇవేవీ దాచడం లేదు. 1970ల నుంచి ఆ పొలంలో తవ్వకాలు జరుపుతున్నారు. బానిసల ఇళ్ల కింద, నేలలో తవ్వుకున్న చిన్న చిన్న పాతర్లు బయటపడ్డాయి. నీలం గాజు పూసలు, పిల్లలాడుకున్న గోళీలు, పిడికిలి ఆకారంలో చిన్న ఇత్తడి తాయెత్తులు దొరికాయి. ఒక్కో కుటుంబానికి ఇరవై అడుగుల చదరం గది, అందులోనే పది మంది దాకా. 2024 చివర్లో, మేడకు కూతవేటు దూరంలో చెట్ల మధ్య బానిసల శ్మశానం కూడా కనిపెట్టినట్టు ప్రకటించారు, కనీసం 28 సమాధులు. ఇన్నాళ్లూ అది ఎక్కడుందో తెలియక వెతుకుతూనే ఉన్నారు. ఇవి చూడాలన్నా ఆ గేటు లోపలికే కదా వెళ్లాలి.

పిల్లవాడికి లింకోయా గురించి కూడా చెప్పొచ్చు. 1813లో క్రీక్ తెగ ఊరి మీద జాక్సన్ సైన్యం పడ్డప్పుడు తల్లి చచ్చిపోయి మిగిలిన పసివాడు. జాక్సన్ అతన్ని ఈ ఇంటికి పంపించి పెంచాడు. 1828లో, పదహారేళ్లకే క్షయతో పోయాడు. అదే ఏడు డిసెంబర్‌లో రేచల్ కూడా పోయింది, భర్త అధ్యక్షుడయ్యాడని తెలిసింది గానీ ప్రమాణం చూడలేదు. మొదటి భర్తతో విడాకులు పూర్తికాక ముందే పెళ్లి చేసుకుందని ఎన్నికల్లో ఆమెను పేపర్లకెక్కించారు. ఆ కోపం జాక్సన్ ఆమె సమాధి మీది రాతలో కూడా వెళ్లగక్కాడు, చదవండి. పెంచిన చేత్తోనే తరిమాడు, ఏడ్చిన కంటితోనే కొరడా ప్రకటన ఇచ్చాడు. ఈ మనిషిని మంచివాడు, చెడ్డవాడు అని ఒక్క ముక్కలో తేల్చడం నావల్ల కాదు గానీ, ఆయన చేసిన పనులు ఏవి చెడ్డవో చెప్పడానికి నాకేం తడబాటు లేదు. పదేళ్ల పిల్లాడికి అలాగే చెప్పొచ్చు.

స్టేట్ మ్యూజియం మాట మాత్రం నిజం, బాగుంటుంది. అది ఇంకో రోజు పెట్టుకోండి.

రెండో షిఫ్ట్

మీ చర్చ బాగుంది గానీ ఆమె అడిగిన మోకాళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. మా అత్తగారితో వెళ్లిన అనుభవం మీద చెప్తున్నాను.

ఇది ఒక ఇల్లు కాదండీ, ఇప్పటికీ 1,120 ఎకరాల పొలం. టికెట్ ఇచ్చే చోటు నుంచి మేడ దాకా నడవాలి, మేడ నుంచి దుంగల ఇళ్లకు ఇంకొంచెం. దూరం మరీ ఎక్కువ కాదు గానీ ఎండలో పెద్దవాళ్లకు బరువే. వీల్‌చెయిర్ కావాలంటే బయల్దేరే ముందే ఫోన్ చేసి అడగండి, అక్కడికెళ్లి వెతుక్కోవద్దు. వేసవి అయితే ఉదయం తెరవగానే వెళ్లిపోండి. మధ్యాహ్నం ఆ ఉక్కపోత మన విజయవాడకి ఏమీ తీసిపోదు. బూట్లు వేయించండి. మా అత్తగారు పట్టుచీర, స్లిప్పర్లతో వచ్చి గడ్డిలో నానా అవస్థ పడ్డారు.

ఇంకో చిట్కా. అమ్మగారిని తోటలో కూర్చోబెట్టేయండి. రేచల్ తోట అని ఎకరం జాగా, నాలుగు మడులుగా విడదీసి పూలూ కూర మొక్కలూ వేశారు. మా అత్తగారికి ఆ ఇంట్లో అన్నింటికన్నా నచ్చింది అదే. మేం దుంగల ఇళ్లు చూసి తిరిగొచ్చేసరికి అక్కడి తోటమాలితో సైగలతో మాట్లాడుతూ ఉన్నారు. బంతిపూలకు భాష అక్కర్లేదు కాబోలు.

భోజనానికి అక్కడేమీ ఆశలు పెట్టుకోకండి, మరీ వెజిటేరియన్ అయితే. పులిహోర, పెరుగన్నం కట్టుకుని, అయిపోయాక పర్సీ ప్రీస్ట్ లేక్ దగ్గరికి వెళ్లి చెట్టు కింద తినండి. దగ్గరే.

తెనాలి శైలజ

అందరికీ బోలెడు థ్యాంక్స్. శనివారం వెళ్లొచ్చాం, అందుకే ఇక్కడ చెప్తున్నాను.

కంబర్లాండ్ గారు చెప్పిన వరసలోనే చూశాం. దుంగల ఇంటి దగ్గర నాన్నగారు పావుగంట కదల్లేదు. కింది అంతస్తు తీసేసి పై అంతస్తు దించారన్న సంగతి చెప్తే, దుంగలకు నంబర్లు వేసి విప్పి ఉంటారు, లేకపోతే మళ్లీ కుదరదు అని ఆయన లెక్కలు ఆయన వేసుకున్నారు. మా ఆయన వచ్చారు, బయటే ఉంటానని చెప్పి చివరికి అందరికన్నా ముందు లోపలికి వెళ్లారు. బయటికొచ్చి "ఆ వాల్‌పేపర్ బాగానే ఉంది" అని ఊరుకున్నారు.

మావాడు ఆల్ఫ్రెడ్ ఇంటికైతేనే వస్తానని షరతు పెట్టాడు. అక్కడున్న గైడ్‌ని వాడు అడిగిన ప్రశ్న: "ఆల్ఫ్రెడ్ టూర్ ఇచ్చినప్పుడు డబ్బులు ఎవరు తీసుకునేవాళ్లు?" ఆయన నవ్వి, మంచి ప్రశ్న అని, తను కనుక్కుని చెప్తానని వాడి పేరు రాసుకున్నాడు. ఇక చూడండి వాడి గొప్ప.

ఒక్క విషయంలో నాన్నగారు చెరువు గట్టు గారి పక్షం. కొరడా ప్రకటన గురించి నేను చదివి వినిపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాఠంలో ఇదొక్కటి చాలమ్మా, మిగతావి పిల్లలే అడుగుతారు" అన్నారు. సమాధి మీద రేచల్ గురించి రాసింది మొత్తం చదివించుకున్నారు. ఇంత రాత ఎవరి సమాధి మీదా చూడలేదు అన్నారు.

అమ్మ సంగతి రెండో షిఫ్ట్ గారు చెప్పినట్టే, తోటలో సెటిలయ్యింది. వీల్‌చెయిర్ అవసరం రాలేదు గానీ, తిరుగు నడకకి ఇబ్బంది పడింది. మేడ పైకి ఎక్కలేదు.

ఇప్పుడు నాన్నగారికి స్టేట్ మ్యూజియం చూడాలని ఉంది. ఆదివారం గుడి నుంచి అటే వెళ్లొచ్చా, లేక సోమవారం సెలవు పెట్టుకుని తీసుకెళ్లనా? నాకు సోమవారమే వీలు.

చెరువు గట్టు

సోమవారం వద్దండీ, మూసి ఉంటుంది. ఆదివారం గుడి ప్రసాదం తినేసి మధ్యాహ్నం వెళ్లండి. మాస్టారు గారికి నా నమస్కారాలు చెప్పండి. చెరోకీల భాగం దగ్గర బాబుని ఆయన పక్కనే ఉంచండి, వాడే పాఠం చెప్తాడు. ఆ గైడ్ జవాబు చెప్తే మాత్రం ఇక్కడ రాయడం మర్చిపోకండి, నాకూ తెలుసుకోవాలని ఉంది.